పురానా షహర్ పాతబస్తీ ఎట్లయింది?

మేము ఉర్దూ పత్రికల్లోనూ తెలుగు పత్రికల్లోనూ పనిచేసినవాళ్లం. పొద్దున కుడి నుంచి ఎడమకు రాసిన వార్తను సాయంత్రం ఎడమ నుంచి కుడికి తిరగరాసి పొట్టపోసుకున్నవాళ్లం. ఆ పనిలో మాకు ఎదురైన ఒక చిన్న సంగతితో ఈ చర్చ మొదలుపెడతాం.

ఒక ఎండాకాలం మొగల్‌పురాలో నాలుగు రోజులు నల్లా రాలేదు. ఐదో రోజు ఆడవాళ్లు ఖాళీ బిందెలు తెచ్చి రోడ్డుకు అడ్డంగా పేర్చి కూర్చున్నారు. మేము వెళ్లి చూసి వార్త రాశాం. 'మొగల్‌పురాలో నీళ్ల కోసం మహిళల బైఠాయింపు' అని శీర్షిక పెట్టి ఇచ్చాం. తెల్లవారి పత్రికలో అది 'పాతబస్తీలో ఉద్రిక్తత' అని అచ్చయింది. అదే పేజీలో నదికి అవతల ఒక కాలనీలో అచ్చం అట్లాగే బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్ల వార్త కూడా ఉంది. దానికి కాలనీ పేరు పెట్టారు. నీళ్లు రావడం లేదని రాశారు. అక్కడ ఉద్రిక్తత లేదు. కష్టం ఉంది. మా దగ్గర కష్టం లేదు. ఉద్రిక్తత ఉంది.

డెస్కులో అడిగాం. శీర్షిక మార్చిన మిత్రుడు చెడ్డవాడు కాడు. మాతో కలిసి ఇఫ్తార్‌కు వచ్చినవాడే. "మొగల్‌పురా అంటే జిల్లాల పాఠకుడికి ఏం తెలుస్తుందండీ? పాతబస్తీ అంటే అందరికీ తెలుసు గదా" అన్నాడు. మా ప్రశ్న అక్కడే పుట్టింది. అందరికీ తెలిసింది ఏమిటి? ఎవరు తెలియజేశారు?

ఉర్దూలో మేము మా ఊరిని 'పురానా షహర్' అంటాం. షహర్ అంటే నగరం. ఆ మాటలో చిన్నతనం లేదు, జాలి లేదు, భయం లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించి, దాని నాలుగు దిక్కులా నాలుగు దారులు తీసి వేసిన నగరం అది. తెలుగులోకి వచ్చేసరికి 'పురానా' సరిగ్గానే 'పాత' అయింది. 'షహర్' మాత్రం 'బస్తీ' అయింది. బస్తీ కూడా మా మాటే. 'బస్‌నా' అంటే నివాసముండడం. మనుషులు కుదురుకున్న చోటు బస్తీ. కోస్తా జిల్లాల పాత తెలుగులో బస్తీ అంటే పట్నం. బస్తీకి పోయి రావడం పల్లెటూరి మనిషికి గొప్ప. కానీ హైదరాబాదు తెలుగులో బస్తీ అంటే ఇరుకు వాడ, మురికి వాడ, ఓట్లప్పుడు తప్ప జీపు రాని వాడ. ఒక్క అనువాదంలో నగరం కాస్తా వాడ అయిపోయింది. 'కొత్తబస్తీ' అని ఎవరూ అనరు, గమనించండి. మూసీకి ఆవల ఉన్నది సిటీ. ఈవల ఉన్నది బస్తీ.

ఇది మాటల పట్టింపు కాదు. పేరు పెట్టే అధికారం ఎవరిదో వాళ్లే ఆ చోటు ఏమిటో నిర్ణయిస్తారు. దళితవాదం ఊరు, వాడ అనే రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని తెలుగు సాహిత్యానికి చూపించింది. స్త్రీవాదం వంటింటిని చూపించింది. ఆ వెలుగులోనే మేము మా మొహల్లా పేరు మీద పడిన నీడను చూడటం నేర్చుకున్నాం.

అసలు 'పాత' అనేది వయసేనా? వయసే అయితే గోల్కొండ మాకంటే పాతది. దాన్ని ఎవరూ పాతబస్తీ అనరు. బేగంబజారు నిజాంల కాలపు బజారు. అక్కడ పప్పులు, డ్రైఫ్రూట్సు కొనుక్కొచ్చేవాళ్లు బేగంబజారుకు పోయొచ్చామనే అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ నగరం చుట్టూ ప్రాకారం లేచింది. ఇవాళ దాని దర్వాజాల్లో దబీర్‌పురా దర్వాజా, పురానాపుల్ దర్వాజా మిగిలాయి. లాల్‌దర్వాజా, అలియాబాద్, యాకుత్‌పురా పేర్లుగా మాత్రం బతికాయి. ప్రాకారం లోపలిదే పాత నగరం అంటే ఒక లెక్క. కానీ చాంద్రాయణగుట్ట దాటి మా కళ్లముందే, మా తమ్ముళ్ల పెళ్లిళ్ల నాటికి లేచిన కాలనీలు కూడా పాతబస్తీయే అంటున్నారు. వాటికంటే బంజారాహిల్స్ పెద్దది. మెహదీ నవాజ్ జంగ్ అనే నిజాం రాజ్య ఉద్యోగి 1930ల్లో అక్కడ రాళ్ల మధ్య ఇల్లు కట్టుకున్నాడు. ఆ గుట్టలు ఎన్నడూ ముసలివి కావు. మా దగ్గర నిన్న పోసిన స్లాబు కూడా పాతదే. కాబట్టి 'పాత' అనేది కాలాన్ని చెప్పే మాట కాదు. ఎవరు ఉంటున్నారో చెప్పే మాట.

ఆ లెక్క కూడా తప్పే. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు ఎక్కడ జరుగుతాయి? గౌలిపురాలో, ఉప్పుగూడలో, అలియాబాద్‌లో ఉన్నవాళ్లు ఎవరు? ఆషాఢంలో అక్కన్న మాదన్న గుడి నుంచి ఘటం ఏనుగెక్కి బయలుదేరుతుంది. మొహర్రం పదో రోజు దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలమ్ కూడా ఏనుగెక్కే బయలుదేరుతుంది. రెండూ చార్మినార్ దారినే పోతాయి. నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసి, 'షాద్' అనే తఖల్లుస్‌తో ఉర్దూలో షాయరీ రాసిన మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ షాలిబండలోనే ఉంది. పాతబస్తీ అంటే తురకల పేట అని తేల్చేసినప్పుడు ముస్లిముల మీద ఒక నింద పడుతుంది. ఇక్కడి పద్మశాలి, గౌడ, మాల, మాదిగ, కాయస్థ కుటుంబాలైతే అసలు లేకుండానే పోతాయి. వాళ్ల పిల్లలు ఉద్యోగానికి పోయి చిరునామా చెప్పినా ఎదుటివాడి ముఖం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం మాకు బాగా తెలుసు.

మరి ఈ ఊరి స్వభావాన్ని ఎట్లా చెప్పాలి? మొహల్లా పేర్లు చదివితే చాలు, సగం చరిత్ర తెలుస్తుంది. దబీర్ అంటే లేఖకుడు. గౌలిపురాలో గౌలీలు, అంటే పాడిపశువులు పెంచేవాళ్లు ఉన్నారు. బార్కస్ అనేది 'బ్యారక్స్' అనే మాట మా నోట్లో పడి మారిన రూపం. హజ్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన అరబ్బుల బిడ్డలు అక్కడ ఉన్నారు. లుంగీ కట్టుతో, గహ్వాతో, జామపండ్లతో వాళ్ల లోకం వాళ్లది. షాలిబండ మనిషికి బార్కస్ ఎంత దూరమో, అమీర్‌పేట మనిషికి షాలిబండ అంత దూరం. ఛత్తాబజార్‌కు పోతే కాతిబుల కథ వినాలి. ఉర్దూ పత్రికలు చేతిరాతతో వచ్చిన రోజుల్లో ప్రతి పేజీనీ కాతిబులు కూర్చుని రాసేవాళ్లు. 1990ల్లో కంప్యూటరు వచ్చింది. పత్రిక ఆఫీసుల్లో వాళ్ల చాపలు చుట్టేశారు. ఆ చేతులే ఛత్తాబజార్ ప్రెస్సుల్లో పెండ్లి రుఖాల మీద పేర్లు రాశాయి. ఉర్దూ పత్రికకు అంత అందం ఇచ్చిన చేతులు ఎటుపోయాయో ఏ తెలుగు పత్రికా ఒక వార్త రాయలేదని మా ఫిర్యాదు కాదు. మేమూ రాయలేదు. ఆ కాతిబుల పక్కనే కూర్చుని ప్రూఫులు దిద్దినవాళ్లమై ఉండి కూడా రాయలేదు.

ఇన్ని లోకాలను ఒక్క మాట కిందికి నెట్టిన అద్దాలు రెండున్నాయి. మొదటిది భయపు అద్దం. తెలుగు పత్రిక, తెలుగు సినిమా కలిసి దాన్ని తయారుచేశాయి. 'సున్నిత ప్రాంతం', 'సమస్యాత్మక ప్రాంతం', 'పాతబస్తీలో ప్రశాంతం' - ఈ మాటల్లో మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. ప్రశాంతంగా ఉండటమే వార్త అయిన చోటు ఎట్లాంటి చోటు అని పాఠకుడు అనుకుంటాడు?

చరిత్ర చూద్దాం. 1978లో ఒక ముస్లిం స్త్రీ మీద పోలీసు స్టేషనులో అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరంతా అట్టుడికింది, కాల్పులు జరిగాయి. విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టింది. కోర్టులో మాత్రం వాళ్లకు శిక్ష పడలేదు. ఆ స్టేషను ఎక్కడిది? నల్లకుంటది. మూసీకి ఆవలిది. నల్లకుంట పేరు పక్కన 'సమస్యాత్మక' అనే మాట ఎన్నడూ అతుక్కోలేదు. అతుక్కోవాలని మేము కోరడం లేదు. ఒక నేరం జరిగిన చోటుకు ఆ నేరం పేరు పెట్టకూడదనే న్యాయం నల్లకుంటకు దక్కింది, మాకు దక్కలేదు అంటున్నాం.

1990 డిసెంబరులో మేము పిల్లలం. ఆ అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. మాకు గుర్తున్నది కత్తులు కాదు. పాలు లేకపోవడం. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో అమ్మ బురఖా సగం తొడుక్కుంటూనే సంచీ పట్టుకుని పరుగెత్తడం. వెనక గల్లీలోని హిందూ ఇంటి గోడ మీది నుంచి ఒక గిన్నెలో కందిపప్పు ఇటు రావడం, మా గోడ మీది నుంచి ఉల్లిగడ్డలు అటు పోవడం. ఆ గోడ కథ ఏ పేపర్లోనూ రాలేదు. ఈ గోడ ఉంది కాబట్టి చావులు అబద్ధమని మేము అనం. చచ్చినవాళ్లు రెండు వైపులా మా ఊరివాళ్లే. కానీ చావుల నుంచి మాత్రమే ఊరికి నిర్వచనం తీస్తే, ఆ గోడ కట్టిన మనుషులు ఏమైనట్టు?

2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో కొందరు పోతే, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. బాధితుల మొహల్లాలనే మళ్లీ జల్లెడపట్టారు. మా కుర్రాళ్లను పట్టుకుపోయారు. తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులుగా విడిచిపెట్టాయి. పట్టుకుపోయినప్పుడు వార్త మొదటి పేజీలో వచ్చింది, మొహల్లా పేరుతో సహా. విడుదలైనప్పుడు లోపలి పేజీలో వచ్చింది, మొహల్లా పేరు లేకుండా. మాకు పేరు ఇవ్వడం చేతకాదని కాదు. ఎప్పుడు ఇవ్వాలో వాళ్లకు తెలుసు.

సినిమాకు చార్మినార్ అంటే ఇష్టమే. 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం చార్మినార్‌నూ దాని చుట్టూ ఉన్న వీధినీ పెద్ద సెట్టుగా వేశారు. జనసమ్మర్దంలో షూటింగు కష్టం, నిజమే. ఆ కారణాన్ని మేము కాదనం. కానీ ఆ సెట్టు మాకు ఒక సంగతి చెప్పింది. తెలుగు సినిమాకు చార్మినార్ కావాలి. చార్మినార్ కింద గాజులమ్మేవాడు, పండ్లబండివాడు, వాళ్ల అప్పులు, వాళ్ల ప్రేమలు అక్కర్లేదు. వాళ్లు కథలోకి వస్తే విలన్ పక్కన సుర్మా పెట్టుకుని నిలబడటానికో, హీరో స్నేహితుడిగా ప్రాణమిచ్చి దేశభక్తి రుజువు చేసుకోవడానికో వస్తారు. మధ్యలో బతకడానికి వాళ్లకు పాత్ర లేదు.

మా భాష సంగతీ అంతే. దక్కనీ కుతుబ్‌షాహీల కాలం నాటి సాహిత్య భాష. మహమ్మద్ కులీ దీవాన్ అందులోనే ఉంది. మరాఠీ నుంచి 'నక్కో' తెచ్చుకుంది, తెలుగుతో నాలుగు వందల ఏళ్లు కాపురం చేసింది. తెలుగు తెర మీద అది నవ్వు పుట్టించే యాస. 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు మేమూ పడీపడీ నవ్వాం. మా మాట తెర మీద మొత్తం సినిమా పొడుగునా వినబడటం మాకు కొత్త. సంతోషం కూడా. కానీ ఆ సినిమా చూసి వచ్చిన ప్రతివాడూ మా నోరు తెరవగానే నవ్వడానికి సిద్ధపడ్డాడు. సులేమాన్ ఖతీబ్, సర్వర్ డండా లాంటి దక్కనీ కవులు నవ్వించారు. వాళ్లు లోపలి నుంచి నవ్వారు. ఆ నవ్వు వెనక పేదవాడి కోపం ఉంది. బయటినుంచి మమ్మల్ని చూసి నవ్వే నవ్వు వేరు.

ఇంతవరకు తెలుగు పాఠకుడు మాతో ఉంటే, ఇప్పుడు మా ఉర్దూ పాఠకుడిని పిలుస్తున్నాం. ఎందుకంటే రెండో అద్దం మన ఇంట్లోదే. అది తెహజీబ్ అద్దం.

పురానా షహర్ గురించి మన ఉర్దూ కాలమ్‌లు ఏం రాస్తాయి? నవాబుల దస్తర్‌ఖాన్, పాన్‌దాన్, షేర్వానీ గుండీలు, ఇత్తర్, బగారా బైంగన్. 'వో దిన్' అంటూ మొదలై 'అబ్ వో బాత్ కహాఁ' అంటూ ముగుస్తాయి. టూరిజం శాఖ దాన్నే అందంగా అచ్చువేసి బ్రోచర్లో పెడుతుంది. భయపు అద్దంలో మేము కత్తులం, ఈ అద్దంలో బిర్యానీలం. ఇందులోనూ మనుషులం కాదు. ఆ దస్తర్‌ఖాన్ పరిచింది ఎవరు? ఎంగిలి పళ్లాలు ఎత్తింది ఎవరు? వంటవాడు, బావర్చీఖానాలో మామ, భిష్తీ, ధోబీ, హజామ్, కసాయి, దూదేకుల - వీళ్ల మనుమలు కదా ఇవాళ ఈ మొహల్లాల్లో ఎక్కువమంది! నవాబుల మనుమలు చాలామంది బంజారాహిల్స్‌కో, కరాచీకో, షికాగోకో పోయారు. పోయినవాళ్ల జ్ఞాపకాన్ని ఉన్నవాళ్ల అస్తిత్వంగా చెలామణీ చేస్తున్నాం మనం. ఇస్లాంలో అందరూ సమానమే అని జుమ్మాకు వింటాం. బయటికొచ్చి షరీఫ్ ఖాన్‌దాన్ కోసం సంబంధాలు వెతుకుతాం.

ఈ అద్దాన్ని పగలగొట్టినవాళ్లు ఆడవాళ్లే కావడం యాదృచ్ఛికం కాదు. జీలానీ బానో 'ఐవానే గజల్' నవలలో కూలిపోతున్న జాగీర్దారీ ఇంటిని ఆ ఇంటి ఆడవాళ్ల వైపు నుంచి చూపించింది. వాజిదా తబస్సుమ్ 'ఉతరన్' కథలో దొరసాని విడిచిన బట్టలు కట్టుకుని పెరిగిన పనిపిల్లను నడిమధ్యలో నిలబెట్టింది. ఆమెను అశ్లీల రచయిత్రి అన్నారు. హవేలీ గుట్టు బయటపెడితే అశ్లీలమే మరి! కానీ ఈ రచనలు కూడా మమ్మల్ని హవేలీ గడప దాకా తెచ్చి విడిచిపెడతాయి. గడప బయట, గల్లీలో, రేకుల ఇంట్లో ఏం జరుగుతోందో రాయవలసింది తర్వాతి తరం. అంటే మేము.

అక్కడ జరిగేది పని. మా నిర్వచనం ఇదే: పురానా షహర్ పనిచేసే ఊరు. లాడ్‌బజార్ లక్క గాజు పెండ్లికూతురి చేతికి చేరేముందు ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కను వేడిచేసి సాగదీస్తారు, గుండ్రంగా చుడతారు. చల్లారకముందే ఒక్కొక్క నగీనా అద్దుతారు. వేళ్లు కాలుతాయి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది గాజుకు వచ్చిన గుర్తింపు. కాలిన వేళ్లకు వచ్చింది కాదు. తెలుగు పెండ్లి జాకెట్ల మీద 'మగ్గం వర్క్' అని మురిసిపోతారు చూడండి, మా గల్లీల్లో దాని పేరు కార్చోబ్. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, నలుగురు నాలుగు వైపులా వంగి జరీ, పూసలు కుడతారు. మెడ వంగిపోతుంది, నలభై ఏళ్లకే చూపు మందగిస్తుంది. చేసినవాళ్ల పేరు పోయి చట్రం పేరు మిగిలింది.

పనిచేసే ఊరు అన్నాక పనిలోని పాపం కూడా ఒప్పుకోవాలి. 2015 జనవరిలో ఇక్కడి గాజుల కార్ఖానాల నుంచి బీహారు పిల్లలను పోలీసులు పెద్దసంఖ్యలో విడిపించారు. చీకటి గదుల్లో, లక్క పొగల్లో చిన్నపిల్లలు! ఆ కార్ఖానాలు నడిపినవాళ్లు మనవాళ్లే. 1991లో ఒక ముసలి అరబ్బు పెళ్లాడి తీసుకుపోతున్న మా ఊరి బాలికను విమానంలో ఎయిర్ హోస్టెస్ పసిగట్టి కాపాడింది. దేశమంతా చదివింది. అంతకు ముందే 1982లో 'బాజార్' సినిమా ఆ బేరం కథే చెప్పింది. మా పెద్దలు అప్పుడు 'ఖౌమ్ పరువు' అన్నారు. పరువు ఆ పిల్లది పోలేదా? ఈ సంగతులు బయటివాళ్లు రాస్తే మాకు మంట. మేము రాయం. రాయకపోతే వాళ్లే రాస్తారు. పేదరికమూ, దలాలూ, సంతకం పెట్టిన ఖాజీ, కళ్లు మూసుకున్న సర్కారూ అన్నీ ఎగిరిపోయి 'పాతబస్తీ ముస్లిములు పిల్లల్ని అమ్ముకుంటారు' అనే ఒక్క వాక్యం మిగులుతుంది. మా మౌనమే ఆ వాక్యానికి సిరా.

ఈ పేదరికం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచింది. చేయిగలవాళ్లు ఎత్తు ప్రాంతాలు చూసుకున్నారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. నిజాం ఫౌజు రద్దయింది. సర్కారీ కొలువు, దేవిడీ కొలువు మీద బతికిన ఇళ్లలో పొయ్యి ఆరిపోయింది. జిల్లాల్లో జరిగిన ఊచకోతల నుంచి తప్పించుకున్నవాళ్లు ప్రాణాలు పట్టుకుని ఈ నగరానికే వచ్చారు. ఆ ఘోరాలను చూసొచ్చి సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికను దశాబ్దాలు బయటపెట్టలేదు. ఉర్దూ రాజభాష హోదా పోయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో ఉర్దూలో పెద్ద చదువులు చదివినవాళ్లు ఒక్కసారిగా నిరక్షరాస్యులతో సమానమయ్యారు. 1956లో ఆంధ్రప్రదేశ్ రాజధాని అయినప్పుడు కొత్త ఆఫీసులు, కొత్త కాలనీలు నది ఆవలే లేచాయి. 1998లో సైబర్ టవర్స్ మాదాపూర్‌లో లేచింది. ప్రతిసారీ నగరం ఒక అడుగు పడమరకు వేసింది. మేము కదలలేదు. కదలకుండా ఉన్నందుకే వెనకబడ్డామన్నారు.

2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో గౌలిగూడ బస్టాండు దాకా, అంటే మూసీ గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. నది దాటి ఫలక్‌నుమా దాకా రావలసిన ముక్క మొదటి ప్లానులోనే ఉంది. నాలుగేళ్ల తర్వాత, 2024 మార్చిలో దానికి శంకుస్థాపన చేశారు. కారణాలు చాలా చెప్పారు. మసీదులన్నారు, గుళ్లన్నారు, ఇరుకన్నారు. మా ఎమ్మెల్యేలూ కార్పొరేటర్లూ ఎన్ని దశాబ్దాలుగా ఇక్కడ గెలుస్తున్నారో వాళ్లనూ ఈ ప్రశ్న అడగాలి. మా భయం మీద ఓట్లు వాళ్లకూ పండాయి. భయపు అద్దాన్ని ఒక వైపు నుంచి పత్రిక పట్టుకుంటే రెండో వైపు నుంచి మన నాయకులే పట్టుకున్నారు.

అప్పు సంగతి చెప్పి ఈ లెక్క ముగిస్తాం. మాలో ఒకరు స్కూటరు కొనడానికి అప్పు కోసం పోయారు. జీతం కాగితం చూశారు, బాగుందన్నారు. చిరునామా చూశారు. పిన్‌కోడ్ 500002. 'మీ ఏరియా కుదరదు సార్' అన్నారు. మర్యాదగానే అన్నారు, టీ కూడా ఇచ్చారు. ఇది ఒక గుమాస్తా మనసులోని దురభిప్రాయం అనుకుని ఊరుకున్నాం. 2006లో సచార్ కమిటీ నివేదిక చదివాక తెలిసింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పులు ఇవ్వకూడని చోట్లుగా గుర్తుపెట్టుకుంటాయని ఆ నివేదికే రాసింది. డెస్కులో పడిన శీర్షిక బ్యాంకు కౌంటరు దాకా ఎట్లా నడిచిపోతుందో అప్పుడు అర్థమైంది. పత్రికలో 'ఉద్రిక్తత' అని వచ్చిన చోటికి అప్పు రాదు, అద్దెకిల్లు వెతుక్కుంటే బయట ఇల్లు రాదు. రాత్రి పది దాటితే ఆటో రాదు.

ఇప్పుడు మా మీద మేమే ఒక మాట. తెలుగులో ముస్లిం సాహిత్యం గొంతు విప్పినప్పుడు ఆ గొంతు ఎక్కువగా జిల్లాల నుంచి వచ్చింది. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు, కడప. పీర్ల పండుగ, దర్గా, దూదేకుల పల్లెబతుకు, తెలుగే ఇంటిభాష అయిన సాయిబుల వేదన అందులో నిండుగా ఉన్నాయి. మాకది గర్వం. కానీ ఆ సాహిత్యంలోకి పురానా షహర్ గల్లీలు రావలసినంతగా రాలేదు. ఇక్కడివాళ్లు ఉర్దూలో రాసుకున్నారు. తెలుగువాళ్లు చదవలేదు. ఉర్దూవాళ్లకు తెలుగులో ఏం వస్తోందో తెలియదు. మధ్యలో రెండు లిపులూ వచ్చిన మేము ఏం చేశాం? వార్తలు అనువదించాం. బతుకులు అనువదించలేదు. 'ఉద్రిక్తత' అనే మాటకు ఉర్దూలో 'కషీదగీ' అని రాసి, అదే అబద్ధాన్ని మా వాళ్లకే తిరిగి వడ్డించాం. మొగల్‌పురా ఆడవాళ్ల వార్తను ఆ రాత్రి ఉర్దూలోకి మార్చింది కూడా మేమే. శీర్షికను మార్చకుండా పంపాం. ఆ తప్పు డెస్కు మిత్రుడిది సగమైతే మాది సగం.

కాబట్టి మా కోరిక పెద్దదేమీ కాదు. మా మొహల్లాకు గొప్ప నిర్వచనం ఇవ్వమని అడగడం లేదు. పొగడమని అసలే అడగడం లేదు. యాకుత్‌పురాలో దొంగతనం జరిగితే యాకుత్‌పురా అని రాయండి. హుస్సేనీ ఆలమ్‌లో ఒక పిల్ల పరీక్షలో మొదటి స్థానంలో వస్తే అప్పుడూ హుస్సేనీ ఆలమ్ అనే రాయండి. మంచికీ చెడుకూ అదే పేరు వాడండి. ఉర్దూలో రాసే మిత్రులారా, నవాబు పాన్‌దాన్ కాసేపు పక్కనపెట్టి కార్చోబ్ చట్రం దగ్గర కూర్చోండి. ఆ నలుగురిలో ఒకరు మీ పిన్నమ్మే అయి ఉంటుంది. తెలుగులో రాసే మన కవులారా, కథకులారా, ఈసారి హైదరాబాదు వచ్చినప్పుడు నయాపుల్ దాటి, చార్మినార్ దగ్గర ఆగకుండా ఇంకొంచెం లోపలికి రండి. చాయ్ మేము తాగిస్తాం, దారి మేము చూపిస్తాం.

మళ్లీ ఎండాకాలం వస్తుంది. మళ్లీ నల్లా రాని రోజు వస్తుంది. బిందెలు మళ్లీ రోడ్డెక్కుతాయి. ఆ రాత్రి డెస్కులో ఎవరున్నా సరే, మొగల్‌పురా అని రాయండి. నీళ్లు రాలేదని రాయండి. మిగతాది మేము రాసుకుంటాం.